ముఖం మీదే కెమెరా

ప్రశ్న: లారీ నడుపుతాను. మా ఓనరు క్యాబిన్‌లో నా ముఖం వైపే కెమెరా పెట్టించారు. కాస్త కళ్లు వాలితే చాలు, కుయ్యిమంటుంది. బండి ఆపి పడుకున్నా చూస్తోందేమోనని టెన్షన్. తీసేయమనొచ్చా?

జవాబు: మీ బాధ న్యాయమైనదే, కానీ తీసేయమనకండి. 80 కిలోమీటర్ల వేగంలో 3 సెకన్లు కన్ను మూతపడితే బండి దాదాపు 67 మీటర్లు దూసుకుపోతుంది, అప్పుడు మిమ్మల్ని లేపేది ఆ కూతే. అయితే లేపడం వేరు, వీడియో దాచుకోవడం వేరు. యూరప్‌లో 2019లో చేసిన చట్టం నిద్రమత్తు హెచ్చరికను కొత్త వాహనాలకు తప్పనిసరి చేస్తూనే, ఆ సమాచారం బయటివాళ్లకు అందకూడదంది. మీరూ అదే అడగండి. వీడియో ఎవరు చూస్తారో, ఎన్నాళ్లు ఉంచుతారో రాసివ్వమనండి. పడుకునేటప్పుడు మాత్రం లెన్స్‌కు మూత ఉండాల్సిందే, అక్కడ తగ్గకండి.