ఉద్యోగం మానాలా, ఆసుపత్రి మారాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసి ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాలిటీలో చేరింది. ఇటీవల యాక్సిడెంట్ కేసు వస్తే, అడ్వాన్సు కట్టలేదని వేరేచోటికి పంపేశారట. అప్పటినుంచి నిద్రపోవడం లేదు. నర్సింగ్ వదిలేసి బ్యాంకు పరీక్షలు రాస్తానంటోంది. ఏం చెప్పమంటారు?
- ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మీ అమ్మాయికి గుండె నిబ్బరం లేదని అనుకోకండి. రక్తం చూసి బెదిరిన మనిషి చెప్పే మాటలు కావివి. ఏం చేయాలో తెలిసీ చేయలేకపోయినప్పుడు కలిగే బాధ ఇది. అమెరికా తత్వవేత్త ఆండ్రూ జేమ్టన్ 1984లోనే నర్సుల విషయంలో దీనికి ‘మోరల్ డిస్ట్రెస్’ అని పేరు పెట్టారు. నైట్ డ్యూటీల అలసట రెండు రోజుల సెలవుతో తగ్గుతుంది. ఇది సెలవులోనూ వదలదు.

పైగా ఆమె బాధ న్యాయమైనదే. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉన్నా, బయట ఉన్నా ప్రాణం కాపాడటం ప్రతి డాక్టరు బాధ్యత అని పరమానంద్ కటారా కేసులో 1989లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ కౌంటర్ దగ్గర జరిగే నిర్ణయం నర్సు చేతిలో ఉండదు. చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. రక్తస్రావం ఆపి, సెలైన్ పెట్టి, రిఫరల్ చీటీతో 108లోనే పంపాలని పట్టుబట్టవచ్చు. ఆసుపత్రి ఎన్టీఆర్ వైద్యసేవలో ఉంటే, ఆ పథకం కింద రోగులకు సాయపడే ఆరోగ్యమిత్రను పిలిపించవచ్చు. బీపీ, పల్స్, ఏ డాక్టరుకు ఎన్ని గంటలకు చెప్పిందీ నర్సెస్ నోట్స్‌లో రాసిపెట్టాలి. ‘నేను చెప్పాను’ అనడానికి ఆ రెండు వాక్యాలే ఆధారం. డ్యూటీ దిగేముందు ఇన్‌ఛార్జ్ సిస్టర్‌తో మాట్లాడటమూ మంచిదే. ఆవిడా ఇలాంటివి చూసే ఉంటారు.

ఇంట్లో మీరు మాత్రం ‘పోనుపోను అలవాటైపోతుందిలే’ అనకండి. అలవాటైపోతుందేమోననే ఆమె భయం కావచ్చు. నిద్రలేమి ఇలాగే సాగితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయించండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇక కెరీర్ సంగతి. వృత్తి మానేముందు ఆసుపత్రి మారి చూడమనండి. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు నార్‌సెట్ రాయవచ్చు, మంగళగిరి ఎయిమ్స్ మీకు దగ్గరే. ప్రభుత్వ క్యాజువాలిటీలో డబ్బు గొడవ తక్కువ గానీ రద్దీ ఎక్కువ. ఎవరిని ముందు చూడాలన్న బాధ అక్కడా తప్పదు, ముందే తెలిసి వెళ్లడం మంచిది. అత్యవసర విభాగమే ఇష్టమైతే ఎమర్జెన్సీ, డిజాస్టర్ నర్సింగ్‌లో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా ఉంది.

అప్పటికీ బ్యాంకు వైపే మనసుంటే అడ్డు చెప్పకండి. రాజీనామా ఇచ్చేముందు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆసుపత్రి దగ్గర ఉన్నాయేమో చూసుకోమనండి, ఎక్స్‌పీరియన్స్ లెటర్ అడిగి తీసుకోమనండి.