ఇంట్లో పాత లాప్‌టాప్‌కే సొంత డొమైన్ మెయిల్స్ వచ్చేలా పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చండి, గుంటూరులో మా ఇంట్లో స్క్రీన్ పగిలిన లాప్‌టాప్ ఒకటి టీవీ స్టాండ్ కింద మూడేళ్లుగా అదే పని చేస్తోంది. మీరు ఉబుంటు వేశాను, డొమైన్ కొన్నాను, ఇంట్లో ఫైబర్ ఉంది, మెయిల్స్ రిసీవ్ చేసుకోడానికి ఇది చాలా అని అడిగారు. పంపడం వేరే కథ, అది చివర్లో చెప్తా. రిసీవ్ చేసుకోవడం అయితే జనం భయపెట్టినంత ఏం లేదు, కాకపోతే కష్టమంతా లినక్స్‌లో కాదు, మీ గుమ్మం దాకా పోర్ట్ 25 (సర్వర్ల మధ్య మెయిల్ నడిచే దారి) రావడంలో ఉంది.

ముందు రౌటర్ పేజీలోకి వెళ్లి వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ కంపెనీ మీ రౌటర్‌కి ఇచ్చిన అడ్రస్) చూడండి. అది 10తో మొదలైనా, 100.64 నుంచి 100.127 మధ్యలో ఉన్నా మీరు సీజీనాట్ వెనక ఉన్నట్టే, అంటే ఒకే పబ్లిక్ ఐపీని మీతో పాటు ఇంకెంతమందో వాడుతుంటారు, బయటనుంచి మీ ఇంటికి ఎవడూ కనెక్ట్ అవ్వలేడు, రౌటర్‌లో ఎంత పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటనుంచి వచ్చేదాన్ని లాప్‌టాప్‌కి మళ్లించడం) చేసినా దండగ. నేను ఇది తెలీక రెండు ఆదివారాలు తగలేశా. తర్వాత నెలకి కాస్త ఎక్కువ కట్టి స్టాటిక్ ఐపీ (మారని సొంత పబ్లిక్ ఐపీ) తీసుకున్నా, అయినా మెయిల్ రాలేదు. లాప్‌టాప్‌లో వచ్చే ప్యాకెట్లు చూపించే టీసీపీడంప్ ఆన్ చేసి పెట్టి, ఫ్రెండ్ వీపీఎస్ (అద్దెకి తీసుకున్న ఆన్‌లైన్ సర్వర్) నుంచి టెల్నెట్‌తో కనెక్ట్ చేయిస్తే వెబ్ పోర్ట్ 443కి ప్యాకెట్లు కనిపిస్తున్నాయి, 25కి ఒక్కటంటే ఒక్కటి లేదు. అంటే ఇంటర్నెట్ కంపెనీవాళ్లు దార్లోనే ఆపేస్తున్నారు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఆ అమ్మాయి "సార్ మీ జీమెయిల్ పాస్‌వర్డ్ మర్చిపోయారా" అంది, ఆమె తప్పేం లేదు పాపం. చివరికి లోకల్ ఆఫీసులో నెట్‌వర్క్ చూసే ఆయన్ని పట్టుకుంటే రెండ్రోజుల్లో ఇన్‌కమింగ్ 25 తెరిచాడు. ఈ టెస్ట్ మాత్రం బయట మెషీన్ నుంచే చేయండి, ఇంట్లో వైఫై మీద నుంచి మీ పబ్లిక్ ఐపీకే కొడితే చాలా రౌటర్లు పని చేయవు, మొబైల్ డేటాలో అవుట్‌గోయింగ్ 25 బ్లాక్ ఉండొచ్చు, ఊరికే కంగారుపడతారు.

డీఎన్ఎస్‌లో (డొమైన్ పేర్ల చిట్టాలో) ఎమ్ఎక్స్ రికార్డ్, అంటే మీ మెయిల్ ఎక్కడికి రావాలో చెప్పేది, ఒక పేరుకే పెట్టాలి, డైరెక్ట్‌గా ఐపీ పెట్టకూడదు, ఆ పేరుకి "ఏ" (A) రికార్డ్, అంటే పేరుని ఐపీకి కలిపేది ఉండాలి, ఇంకో పేరుకి మళ్లించే సీనేమ్ కాదు. డీఎన్ఎస్‌కి క్లౌడ్‌ఫ్లేర్ సర్వీస్ వాడితే ఆ "ఏ" రికార్డ్ పక్కన ఆరెంజ్ మేఘాన్ని బూడిద రంగులోకి మార్చండి, ఆరెంజ్ అంటే అంతా వాళ్ల ప్రాక్సీ మీదుగా వెళ్తుంది, అది వెబ్ ట్రాఫిక్‌కే గానీ మెయిల్‌కి కాదు.

మెయిల్ అందుకునే సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్, ఫోన్‌లో చదువుకోడానికి డవ్‌కాట్, అంతే. పోస్ట్‌ఫిక్స్ 1998లో వచ్చింది, ఇప్పటికీ నాకు దాని లాగ్ అంత శుభ్రంగా ఇంకేదీ అనిపించదు. మొదటి మెయిల్‌కే "రిలే యాక్సెస్ డినైడ్" అని వస్తే బెదిరిపోకండి, పోస్ట్‌ఫిక్స్ సెట్టింగ్స్‌లో మైడెస్టినేషన్ లైన్‌లో మీ డొమైన్ రాయడం మర్చిపోయారన్నమాట. చాలామంది ఇక్కడే మైనెట్‌వర్క్స్‌లో (ఎవరి మెయిల్స్ బయటికి పంపిపెట్టాలో చెప్పే లైన్) ప్రపంచం మొత్తాన్ని రాసేస్తారు, వద్దు, ఓపెన్ రిలే అయిపోతుంది, అంటే ఎవడైనా మీ సర్వర్ నుంచి స్పామ్ పంపుకోవచ్చు.

నేను అంత మొద్దుపని చేయలేదు గానీ వేరే దార్లో అదే గోతిలో పడ్డా. ఇంట్లో ఫోన్ల నుంచి పంపుకోడానికి వీలుగా ఉంటుందని మైనెట్‌వర్క్స్‌లో ఇంటి నెట్‌వర్క్ 192.168.1.0/24 రాశా. నాలుగో రోజు లాప్‌టాప్ ఫ్యాన్ గోల పెడుతుంటే మెయిల్‌క్యూ కమాండ్ కొట్టి చూశా, బయటికి పోవడానికి క్యూలో, నాలుగు వేల పైచిలుకు మెయిల్స్, అన్నీ ఏవో లాటరీలు. లాగ్‌లో ప్రతి కనెక్షన్ 192.168.1.1 నుంచి వచ్చినట్టుంది, అదెవరంటే మా రౌటరే! పోర్ట్ ఫార్వర్డ్ చేసేటప్పుడు ఆ రౌటర్ బయటవాడి ఐపీ తీసేసి తన ఐపీ తగిలిస్తోంది, పోస్ట్‌ఫిక్స్ ఏమో ఇంట్లోవాళ్లే కదా అని తలుపు తీస్తోంది. అవుట్‌గోయింగ్ 25 ఇంటర్నెట్ కంపెనీవాళ్లు తెరవకపోవడం నా అదృష్టం, ఒక్కటి కూడా బయటికి పోలేదు. ఆ రౌటర్‌ని బ్రిడ్జ్ మోడ్‌లో (కనెక్షన్‌ని ఏం మార్చకుండా దాటించేలా) పెట్టి వెనక వేరేది వేసుకున్నా, మైనెట్‌వర్క్స్‌లో 127.0.0.0/8 (అంటే ఆ లాప్‌టాప్ ఒక్కటే) తప్ప ఐపీవీ4 ఏదీ ఉంచలేదు. మీరు పెట్టగానే లాగ్ తెరిచి బయటి ఐపీలు నిజంగా కనిపిస్తున్నాయా లేదా చూసుకోండి, ఇది మటుకు ఏ ట్యుటోరియల్‌లోనూ నాకు దొరకలేదు.

కరెంటు పోతే ఎలా అని కూడా అడిగారుగా. మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి ఒకటిన్నర రోజు కరెంటు లేదు, లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. కరెంటొచ్చాక కొన్ని గంటల్లో మెయిల్స్ ఒక్కొక్కటే దిగాయి, ఏదీ పోలేదు. పంపే సర్వర్ మీది దొరక్కపోతే క్యూలో పెట్టుకుని నాలుగైదు రోజుల దాకా ట్రై చేస్తూనే ఉండాలని ఎస్ఎమ్‌టీపీ (సర్వర్లు మెయిల్ పంపుకునే పద్ధతి) రూల్‌లోనే ఉంది, పోస్ట్‌ఫిక్స్ డీఫాల్ట్ కూడా 5 రోజులే. ఓటీపీలు మాత్రం అప్పటికి పనికిరావు కాబట్టి బ్యాంకులకి పాత మెయిల్ ఐడీనే ఉంచా.

నేను మెయిల్స్ పోగొట్టుకున్నది సర్వర్ ఆన్‌లో ఉన్న రాత్రే. స్పామ్ ఆపుదామని స్పామర్ల ఐపీలు ఉండే స్పామ్‌హౌస్ లిస్ట్ పెట్టా, డీఎన్ఎస్ మాత్రం గూగుల్ వాళ్ల 8.8.8.8 ఉంచేశా. అలాంటి పబ్లిక్ రిజాల్వర్ల (అందరికీ డీఎన్ఎస్ వెతికిపెట్టే సర్వర్లు) నుంచి అడిగితే స్పామ్‌హౌస్ వాళ్లు 127.255.255.254 అని ఒక ఎర్రర్ కోడ్ ఇస్తారు, పోస్ట్‌ఫిక్స్ దాన్ని కూడా "ఇతను స్పామర్" అని చదువుకుని వచ్చినవాళ్లందర్నీ 554 కొట్టి పంపేసింది. 554 అంటే ఇక రావద్దని, వాళ్లు మళ్లీ ట్రై చేయరు. ఇంట్లోనే అన్‌బౌండ్ అనే సొంత రిజాల్వర్ పెట్టుకుంటే ఆ సమస్య పోయింది. మీరు మొదటి రెండు వారాలు పోస్ట్‌ఫిక్స్‌లో సాఫ్ట్‌బౌన్స్ ఆన్ చేసి ఉంచండి, మీరు తప్పు చేసినా అవతలివాళ్లకి "తర్వాత రండి" అనే వెళ్తుంది.

ఇక పంపడం. ఇంటి ఐపీల నుంచి నేరుగా పంపితే చాలాచోట్ల లోపలికే రానివ్వరు, పీటీఆర్ రికార్డ్ (ఐపీ నుంచి పేరు చెప్పేది) కూడా మన చేతిలో ఉండదు. నేను మన తరఫున మెయిల్స్ పంపే ఒక రిలే సర్వీస్‌కి పోర్ట్ 587 మీద అప్పజెప్పేశా, మెయిల్ నిజంగా మన డొమైన్‌దేనని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్ వాళ్లు చెప్పినట్టు డీఎన్ఎస్‌లో పెట్టా, హాయిగా ఉంది.

మీ ఇంటర్నెట్ కంపెనీ స్టాటిక్ ఐపీ ఇవ్వనంటే చిన్న వీపీఎస్ తీసుకుని, అక్కడ 25 తీసుకుని వైర్‌గార్డ్ (వీపీఎన్) మీదుగా ఇంటికి పంపొచ్చు, తీసుకునే ముందు ఇన్‌కమింగ్ 25 ఉందో లేదో అడగండి. మీ వ్యాన్ ఐపీలో మొదటి రెండు నంబర్లు మాత్రం కామెంట్‌లో పెట్టండి, మొత్తం పెట్టకండి, మీకు ఏ దారో చెప్తా.