18 లక్షల ప్యాకేజీలో చేతికొచ్చేది ఎంత?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. వయసు 28. హైదరాబాద్‌లో పెద్ద ఐటీ కంపెనీలో చేస్తున్నాను, నెలకు 58 వేలు చేతికొస్తుంది. వేగంగా పెరుగుతున్న ఒక టెక్నాలజీ కంపెనీ ఏడాదికి 18 లక్షలు ఇస్తామంటోంది. అందులో 5 లక్షలు షేర్లు, 2 లక్షలు బోనస్. ఇంటి లోన్ ఈఎంఐ 21 వేలు, ఇంటికి 10 వేలు, నా ఖర్చు 18 వేలు, చిట్టీ 5 వేలు. బ్యాంకులో 1.2 లక్షలున్నాయి. నాన్న సాగర్ ఎడమ కాలువ కింద వరి వేస్తారు, అమ్మకు షుగర్. మారమంటారా?

జవాబు: మారండి. కానీ 18 లక్షలు చూసి కాదు.

షేర్లు, బోనస్ తీసేస్తే మిగిలేది 11 లక్షలు. పీఎఫ్, గ్రాట్యుటీ పోను నెలకు 80 వేలు అటూ ఇటూగా వస్తుంది. మీ లెక్కలన్నీ దాని మీదే వేసుకోండి. షేర్లను సున్నా అనుకోండి. 2021లో ఫ్రెష్‌వర్క్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ అమెరికా స్టాక్ మార్కెట్‌లో లిస్టయినప్పుడు వందలమంది ఉద్యోగులు కోటీశ్వరులయ్యారు, నిజమే. 2022లో 22 బిలియన్ డాలర్ల విలువ కట్టిన ఆన్‌లైన్ చదువుల కంపెనీ బైజూస్ 2024 జూలైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది, అదీ నిజమే. పైగా లిస్టు కాని కంపెనీ షేర్లను ముందే చెప్పిన ధర కట్టి మీరు తీసుకున్నరోజే, వాటి విలువకూ ఆ ధరకూ మధ్య తేడాను మామూలుగా జీతం కింద లెక్కేసి పన్ను వేస్తారు. అమ్మి రూపాయి చూడకముందే పన్ను కట్టాలి. మధ్యలో మానేస్తే షేర్లు తీసుకోవడానికి ఎన్ని రోజుల గడువు ఇస్తారో హెచ్‌ఆర్‌ను మెయిల్‌లో అడగండి.

మరి ఎందుకు మారమంటున్నాను? అక్కడ మనుషులు తక్కువ, పని ఎక్కువ. కస్టమర్‌తో మాట్లాడటం నుంచి అర్ధరాత్రి సర్వర్ పడిపోతే లేపడం దాకా అన్నీ మీద పడతాయి. టెన్షన్ తప్పదు, కానీ 28 ఏళ్లకు ఆ అనుభవం దొరకడం మంచిది. తర్వాత ఎక్కడికెళ్లినా జీతం అడిగే ధైర్యం దానివల్లే వస్తుంది.

భయమల్లా ఒక్కటే. పెట్టుబడులు ఆగితే ఇలాంటి కంపెనీలు ముందు మనుషులనే తగ్గిస్తాయి. నాన్నగారికి పంట డబ్బు కోతలప్పుడే వస్తుంది, కాలువకు నీళ్లు రాని ఏడాది అదీ ఉండదు. కాబట్టి మీ ఇంట్లో నెలనెలా వచ్చే ఆదాయం మీ జీతం ఒక్కటే. మీ ఖర్చు 54 వేలు, ఉద్యోగం పోతే ఆరు నెలలు గడవడానికి 3.24 లక్షలు కావాలి. బ్యాంకులో ఉన్నది 1.2 లక్షలే. కొత్త జీతంలో పెరిగిన 22 వేలు నేరుగా ఆర్‌డీలో వేస్తే తొమ్మిది, పది నెలల్లో ఆ లోటు పూడుతుంది. అప్పటిదాకా కారు, పెద్ద ఫ్లాట్ మాటెత్తకండి. షేర్లు కొంత తగ్గించి ఫిక్స్‌డ్ జీతం పెంచమని అడగడానికీ మొహమాటపడొద్దు.

అమ్మగారి సంగతి మాత్రం వాయిదా వేయకండి. ఇప్పటి కంపెనీ ఆరోగ్య బీమాలో ఆమె పేరుంటే, మామూలుగా మీరు మానేసిన రోజే అది పోతుంది. కొత్త కంపెనీ తల్లిదండ్రులకు బీమా ఇస్తుందో లేదో కనుక్కోండి. విడిగా కొత్త పాలసీ తీసుకుంటే, ముందునుంచీ ఉన్న షుగర్‌కు మూడేళ్ల దాకా వెయిటింగ్ ఉండొచ్చు, అంటే అప్పటిదాకా దానికి క్లెయిమ్ రాదు. ఇప్పటి ఆఫీసు గ్రూప్ పాలసీ నుంచి అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారితే ఇప్పటిదాకా గడిచిన కాలం లెక్కలోకి వస్తుంది. పాలసీ ఇవ్వాలా వద్దా అన్నది వాళ్ల పరిశీలన మీద ఉంటుంది కాబట్టి, రాజీనామా మెయిల్ పంపకముందే దరఖాస్తు చేయండి.