కంపెనీ మార్చినా అరటి మారదు

సందేహం: పులివెందుల దగ్గర నాలుగెకరాల్లో జి-9 రకం టిష్యూ కల్చర్ (ల్యాబ్‌లో పెంచిన) అరటి వేశాను. పక్క తోటలో చెట్లు ఆకులు పసుపుబారి, వాలిపోయి చనిపోతున్నాయి. వచ్చే పంటకు వేరే కంపెనీ మొక్కలు తెస్తే తట్టుకుంటాయా? – ఒక రైతు, కడప జిల్లా

సమాధానం: తట్టుకోవు. ఎవరి దగ్గర కొన్నా జి-9 జి-9నే. టిష్యూ కల్చర్ మొక్క సాధారణంగా నర్సరీ నుంచి ఇలాంటి నేల తెగులును మోసుకురాదు, అంతవరకే దాని గొప్ప. నేలలో ఉన్న తెగులును ఎదిరించే శక్తి దానికి కొత్తగా రాదు. ఈ తేడా చెప్పకుండా మొక్కలు అమ్మేవారికి కొదవ లేదు.

మనం తినే అరటికి క్రోమోజోములు మూడు సెట్లు ఉంటాయి, అందుకే గింజ కట్టదు. పిలకైనా, ల్యాబ్ మొక్కైనా తల్లికి నకలే. పరపరాగ సంపర్కంతో గింజ కట్టే పంటలో ఏ రెండు మొక్కలూ అచ్చంగా ఒకేలా ఉండవు కనుక తెగులు వచ్చినా కొన్ని మిగిలే వీలుంటుంది. మీ తోటలో ఆ ‘కొన్ని’ లేవు.

ఒకప్పుడు ప్రపంచ అరటి ఎగుమతులు దాదాపు అన్నీ గ్రోస్ మిషెల్ రకానివే. శిలీంధ్రం వల్ల వచ్చే పనామా ఎండు తెగులు దాన్ని తుడిచిపెట్టాక, 1950ల నుంచి ఆ తెగులును తట్టుకునే కావెండిష్ రకాలు వచ్చాయి. మీ జి-9 ఆ కుదురుదే. ఇప్పుడు అదే శిలీంధ్రంలో టీఆర్-4 అనే రకం కావెండిష్‌నూ చంపుతోంది. బిహార్, ఉత్తరప్రదేశ్‌లలో బయటపడింది కూడా. మట్టిలో దశాబ్దాలు బతుకుతుంది, నయం చేసే మందు లేదు. అమృతపాణి రకానికి మారదామనుకుంటారేమో, పాత పనామా తెగులుకు సులువుగా లొంగేది అదే.

పక్క తోటలో ఉన్నది ఇదేనని చూడకుండా చెప్పలేం. కాండం కోస్తే లోపల ఎర్రటి గోధుమరంగు చారలు ఉంటే అనుమానించాలి. దుంప కుళ్లి దుర్వాసన వస్తే బాక్టీరియా తెగులు కావచ్చు. ముక్క కోసి బస్సులో పట్టుకుపోవద్దు, ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రానికి ఫోను చేసి శాస్త్రవేత్తలనే తోటకు రమ్మనండి. తిరుచిరాపల్లిలోని జాతీయ అరటి పరిశోధన కేంద్రంలో నిర్ధారణ చేయించవచ్చు.

ఈలోగా ఆ తోట పిలకలు, గడ్డపారలు, ట్రాక్టరు మీ చేలోకి రానివ్వకండి. తెగులు పాకడానికి చక్రాలకు, చెప్పులకు అంటిన మట్టి చాలు. అక్కడి నీరు మీ వైపు పారకుండా గట్టు వేయండి. ఫలితం తేలేదాకా కొత్త మొక్కలకు అడ్వాన్సు కట్టవద్దు. పనామా తెగులని తేలితే ఆ నేలలో మళ్లీ అరటి వద్దు.