తెర మీది బడి: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఇంటి నుంచి ఆన్‌లైన్ పాఠాలు చెబుతున్న పాఠకులు చాలామంది ఈసారి కొత్త కెమెరా ఏది కొనాలని అడిగారు. వారి ఉత్తరాలు చదివితే, వారి ఇబ్బందులు చాలావరకు కెమెరా వల్ల వచ్చినవి కావని అర్థమైంది. అందుకే కొనుగోళ్ల సంగతి పక్కన పెట్టి, చేతిలో ఉన్న పరికరాలతోనే తీరే ఐదు సందేహాలను ఇక్కడ తీసుకున్నాం.

ప్రశ్న: నేను ఇరవై ఏళ్లుగా వీణ, గాత్రం నేర్పుతున్నాను. డాలస్‌లో ఉన్న నలుగురు పిల్లలకు జూమ్‌లో పాఠం చెబుతున్నాను. నా శ్రుతిపెట్టె నాదం వారికి మొదట కాస్త వినిపించి, తరువాత మాయమవుతోందట. వీణ మీటినప్పుడు తొలి దెబ్బ వినిపిస్తుందట గాని గమకం తెగిపోతోందట. తాళం వేసి కలిసి పాడదామంటే పిల్లలు ఎప్పుడూ ఒక స్వరం వెనకే ఉంటున్నారు. ఎక్కువ వేగం గల నెట్ పెట్టించుకున్నా తేడా రాలేదు.
— ఒక సంగీత ఉపాధ్యాయిని, రాజమహేంద్రవరం

జవాబు: మీరు రాసినవి రెండు వేర్వేరు ఇబ్బందులండీ. మొదటిది పూర్తిగా తీరుతుంది. రెండోది తీరదు, దాన్ని ఒప్పుకుని పాఠం చెప్పే పద్ధతి మార్చుకోవలసిందే.

జూమ్ వంటి సాధనాలను మనుషుల మాటల కోసం తయారు చేశారు. మాట ఆగి ఆగి వస్తుంది; ఫ్యాను హోరు, కూలరు మోత మాత్రం ఏకధాటిగా సాగుతాయి. కాబట్టి ఎడతెగకుండా ఒకే తీరున సాగే ధ్వని ఏది వినిపించినా అది అనవసరపు రొద అనుకుని ఈ సాధనం దాన్ని తుడిచేస్తుంది. శ్రుతిపెట్టె వినిపించే తంబుర నాదం గొప్పతనమే ఎడతెగకపోవడం గనుక, జూమ్ దృష్టిలో మీ శ్రుతిపెట్టెకూ ఫ్యానుకూ తేడా లేదు. వీణ తీగ మీటాక క్రమంగా సన్నగిల్లే నాదానికి పట్టేదీ అదే గతి. నెట్ వేగం ఎంత పెంచినా ఈ తుడిచివేత ఆగదు.

ఆపడానికి దారి జూమ్‌లోనే ఉంది. కంప్యూటరులో జూమ్ సెట్టింగ్స్ తెరిచి, ఆడియో విభాగంలో ‘ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్’ అనే అంశాన్ని ఎంచుకుని, దాని కింద ఉన్న ‘హై ఫిడెలిటీ మ్యూజిక్ మోడ్’కు కూడా టిక్కు పెట్టండి. పాఠం మొదలయ్యాక తెరపై అదే పేరుతో కనిపించే బటను ఆన్‌లో ఉందో లేదో ప్రతిసారీ చూసుకోండి. పిల్లల గొంతులోని గమకాలు మీకు సరిగా వినబడాలంటే అటు వైపు వారి తల్లిదండ్రులు కూడా ఈ మార్పు చేయాలి. అక్కడే ఉన్న ‘ఎకో క్యాన్సిలేషన్’ను తీసేస్తే ధ్వని మరింత సహజంగా ఉంటుంది. అయితే దాన్ని తీసేసిన తరువాత మీరు ఇయర్‌ఫోన్లు పెట్టుకోక తప్పదు; లేకపోతే పిల్లవాడి గొంతు మీ స్పీకరులోంచి బయటికి వచ్చి, మీ మైకులో పడి, తిరిగి వాడి చెవికే చేరుతుంది. ఆ ఇయర్‌ఫోన్లు వైరు ఉన్నవే వాడండి. బ్లూటూత్ పరికరంలో మైకు కూడా పనిచేయడం మొదలుపెట్టగానే అందులోని ధ్వని ఫోన్ కాల్ స్థాయికి దిగజారుతుంది, పైగా కాస్త ఆలస్యం కూడా తోడవుతుంది.

ఇక తాళం సంగతి. డాలస్ మన నుంచి దాదాపు 14 వేల కిలోమీటర్ల దూరం. ఇంటర్నెట్ కేబుళ్లలోని గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది గనుక, కేబుల్ తిన్నగా వేసి ఉన్నా మీ గొంతు అక్కడికి చేరడానికి సెకనులో పద్నాలుగో వంతు పడుతుంది. వంకర దారులు, మధ్యలోని యంత్రాలు, జూమ్ చేసే పని అన్నీ కలుపుకుంటే పోనూ రానూ పావు సెకను దాటడం మామూలే. ఆది తాళంలో సరళీ వరుసలు పాడిస్తున్నారనుకోండి: క్రియకు (తాళంలో చేతితో వేసే ఒక్కో దెబ్బకు) ఒక సెకను చొప్పున తాళం వేస్తే, మూడో కాలంలో క్రియకు నాలుగు స్వరాలు, అంటే ఒక్కో స్వరానికి పావు సెకను. పిల్లలు ‘ఒక స్వరం వెనకే’ ఉంటున్నారని మీరు రాసిన మాట లెక్కకు అచ్చంగా సరిపోయింది. వారు సరిగానే పాడుతున్నారు; ఆలస్యమల్లా దారిలోనే.

కాబట్టి కలిసి పాడించే ప్రయత్నం మానేయండి. మీరు ఒక ఆవృతం (తాళం ఒక చుట్టు) పాడేటప్పుడు పిల్లలు మైకు ఆపుకుని, మీ గొంతు వింటూ తాళం వేయాలి. తరువాత వంతుల వారీగా ఒక్కొక్కరు తమ తాళం తామే వేసుకుంటూ పాడాలి. అప్పుడు మీరు తాళం వేయకూడదు, కనీసం కెమెరాకు కనబడేలా వేయకూడదు. శ్రుతి కూడా ఎవరి ఇంట్లో వారి ఫోనులోనే మోగాలి. నలుగురు కూర్చున్న గదిలో పిల్లలు గురువుగారి చేతిని చూస్తూ తాళం నెట్టుకొస్తారు, తెర ముందు ఆ సౌకర్యం లేదు; నా మట్టుకు ఇది నష్టమని అనుకోను. ఇంటి సాధన కోసం పాఠం పంపేటప్పుడు వాట్సాప్ వాయిస్ మెసేజీగా కాకుండా, ఫోను రికార్డరులో రికార్డు చేసిన ఫైలును డాక్యుమెంటుగా జతచేసి పంపండి. వాయిస్ మెసేజీలో ధ్వనిని బాగా కుదించేస్తారు.

ప్రశ్న: న్యూజెర్సీ పిల్లలకు ఆదివారం ఉదయం 6.30కు తెలుగు నేర్పుతాను. నవంబరు వచ్చేసరికి సగం మంది ఆరున్నరకు, సగం మంది ఏడున్నరకు వస్తున్నారు.
— ఒక గృహిణి, హైదరాబాద్

జవాబు: అమెరికాలో చాలా ప్రాంతాల్లో మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కు జరుపుతారు. మీ ఆరున్నర వేసవిలో వారికి శనివారం రాత్రి 9 గంటలు, చలికాలంలో 8 గంటలు. పిల్లలు నిద్రపోయే వేళ వారి గడియారాన్ని బట్టే ఉంటుంది కాబట్టి, గూగుల్ క్యాలెండరులో తరగతిని న్యూయార్క్ సమయంలో (న్యూజెర్సీదీ అదే) రాత్రి 9కి నమోదు చేసి, ఆహ్వానం అందరికీ పంపండి; మీ ఫోనులో అది చలికాలంలో తనంతట తానే ఏడున్నరకు మారుతుంది. ఒక్క మాట: అరిజోనాలో దాదాపు ఎక్కడా గడియారం మార్చరు. అక్కడి ఫీనిక్స్ నుంచి చేరే పిల్లవాడు ఉంటే వాడికి విడిగా చెప్పండి.

ప్రశ్న: నేను రిటైరైన లెక్కల మాస్టారిని. బోర్డు ముందు నిలబడి కెమెరాలో చెబితే అంకెలు కనబడటం లేదంటున్నారు. కంప్యూటరుకు తగిలించి రాసే పలక (పెన్ టాబ్లెట్) ఒకటి కొనమని మా అబ్బాయి అంటున్నాడు. పిల్లల్లో చాలామందికి రోజుకు ఒకటిన్నర జీబీ డేటానే ఉంటుంది.
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మాస్టారూ, పలక అప్పుడే కొనకండి. తెరను చూస్తూ చేయి మరోచోట కదిలించి రాయడం అలవాటు కావడానికి వారాలు పడుతుంది. యాభై ఏళ్లుగా కాగితం మీద తిరిగిన చేతికి కాగితమే మేలు.

మీ ఫోనునే పైనుంచి కిందికి చూసే కెమెరాగా మార్చుకోవచ్చు. బల్ల మీద రెండు వైపులా పుస్తకాలు జానెడున్నర ఎత్తుకు పేర్చి, వాటి మీద రెండు చెక్క స్కేళ్లు అడ్డంగా వేసి, ఫోనును వెనక కెమెరా రెండు స్కేళ్ల మధ్య నుంచి కిందికి చూసేలా బోర్లించండి. కింద గీతలు లేని తెల్ల కాగితం పెట్టి, బాల్ పెన్నుతో కాకుండా నల్ల స్కెచ్ పెన్నుతో, పేజీకి ఎనిమిది వరుసలకు మించకుండా రాయండి. తల మీది ట్యూబులైటు వెలుగులో ఫోను నీడ సరిగ్గా లెక్క మీదే పడుతుంది. కుడి చేతితో రాసేవారైతే ఎడమ వైపు నుంచి ఒక టేబుల్ లైటు పెట్టుకోండి.

లాప్‌టాప్‌తో ఒకసారి, ఫోనుతో మరోసారి ఒకే తరగతిలోకి ప్రవేశించండి. ఫోను ‘ఆడియోలో చేరాలా’ అని అడిగినప్పుడు వద్దనండి. రెండింటిలోనూ ధ్వని తెరిచి ఉంచితే చెవులు చిల్లులు పడేలా కీచుమంటుంది. ముందు కెమెరా వాడేవారికి తమ అక్షరాలు అద్దంలోలా తిరగబడి కనిపించి కంగారు పుట్టిస్తాయి గాని, అది వారి తెర వరకే. పిల్లలకు సరిగానే కనబడతాయి.

డేటా విషయంలో మీ ఆందోళన న్యాయమైనదే. గంటసేపు బృంద వీడియోకు ముప్పావు జీబీ, కొన్నిసార్లు అంతకు మించి కూడా ఖర్చవుతుంది. ఉచిత జూమ్ 40 నిమిషాలకు ఆగిపోతుందని చాలామంది విసుక్కుంటారు. మన బడుల్లో పీరియడు ఎంతసేపో మీకు నేను చెప్పాలా? ఆ వేళకే పాఠం ముగించి, రాసిన కాగితాలను ఫోటోలు తీసి గ్రూపులో పెట్టండి. తరగతికి రాలేని పిల్లవాడికి గంట వీడియో కన్నా ఆ నాలుగు ఫోటోలు, లెక్కకో నిమిషం చొప్పున మీ గొంతు ఎక్కువ అక్కరకొస్తాయి.

ప్రశ్న: నేను ఎన్నో ఏళ్లుగా అను ఫాంట్లలో టైపు చేసుకున్న నోట్సు విద్యార్థుల ఫోన్లలో పిచ్చి గుర్తులుగా కనిపిస్తోంది.
— ఒక డిగ్రీ అధ్యాపకుడు, అనంతపురం

జవాబు: ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాల వెనక ఉన్నవి నిజానికి ఇంగ్లిషు కీల సంకేతాలే. ఫాంటు లేని ఫోనులో అవి అసలు రూపంలో బయటపడతాయి. ఈ వారం తరగతి గడవాలంటే నోట్సును పీడీఎఫ్‌గా మార్చి పంపండి, అక్షరాలు సరిగా వస్తాయి. అయితే అందులో మాట వెతకడం, నకలు తీసుకోవడం కుదరదు. శాశ్వత పరిష్కారం యూనికోడ్‌లోకి (ఏ ఫోనులోనైనా తెలుగు తెలుగుగానే కనబడే సంకేత పద్ధతిలోకి) మార్చుకోవడమే. మార్పిడి చేసే సాధనాలు ఉన్నాయి గాని, వత్తుల దగ్గర అవి పొరబడే అవకాశం ఉంది కాబట్టి ప్రతి పేజీ చదివి దిద్దుకోవాలి. మండలి, రామభద్ర వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి.

ప్రశ్న: నేను మగ్గం వర్కు నేర్పుతాను. కుట్టు ఎలా వేస్తున్నానో తెలియడం లేదని చేరినవాళ్లు అంటున్నారు. జరీ, చెమ్కీలు కెమెరాలో మెరిసిపోయి ఏమీ కనబడవు. పైగా ఒకరు డబ్బు కట్టి నా వీడియోలను పదిమందికి పంచుతున్నారు. ఎలా ఆపాలి?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీరు పంపిన నమూనా వీడియో చూశానమ్మా. బట్ట మీద ఉన్న మీ కుడి చేయి, సూది చక్కగా కనబడుతున్నాయి. కానీ మగ్గం పనిలో సగం బట్ట కింద జరుగుతుంది కదా! సూది కొక్కెం కిందికి దిగగానే ఎడమ చేయి దారాన్ని దానికి చుట్టి అందిస్తేనే అది మెలి తిరిగి గొలుసుగా పైకి వస్తుంది. ఎదురుగా కూర్చుని నేర్చుకునే పిల్ల వంగి కిందికి చూస్తుంది. మీ వీడియోలో ఆ ఎడమ చేయి ఒక్కసారి కూడా లేదు. ప్రతి కొత్త కుట్టుకూ మగ్గం కింద నేల మీద ఫోను వెల్లకిలా పెట్టి, పక్కనే చిన్న లైటు వేసి, అర నిమిషం విడిగా తీసి జోడించండి. దారం, బట్ట ఒకే రంగువి కాకుండా తెల్ల బట్ట మీద ఎర్ర దారంతో చూపించండి.

మెరుపు తగ్గాలంటే లైటు నేరుగా పడకుండా దానికి, బట్టకు మధ్య పల్చని తెల్ల బట్ట అడ్డం కట్టండి. చిత్రంలో నల్లటి చారలు పాకుతున్నట్లు కనిపిస్తే అది లైటు మినుకు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి, ఫోను కెమెరా సెట్టింగ్స్‌లో ఆ అంకె ఎంచుకునే వీలుంటే ఎంచుకోండి.

ఇక దొంగతనం గురించి ఉన్నమాట చెబుతాను. యూట్యూబులో ‘అన్‌లిస్టెడ్’గా పెట్టిన వీడియోను లింకు దొరికిన ఎవరైనా చూడగలరు. ‘ప్రైవేట్’గా పెట్టి, చేరినవారి జీమెయిల్ చిరునామాలు మాత్రమే ఇస్తే కొంత నయం. గూగుల్ డ్రైవులో డౌన్‌లోడును ఆపే వీలుంది. అయినా ఫోను తెరను రికార్డు చేసేవారిని మీరు ఆపలేరు, దానికోసం ఖరీదైన సాధనాలు కొనడం కూడా దండగ. కుట్టు దగ్గర కాకుండా మగ్గం అంచున మీ తరగతి పేరు కనబడేలా ఒక పట్టీ కట్టుకోండి. వీడియో ఎక్కడికి పోయినా ఆ పేరు వెంట పోతుంది. ఫీజును వీడియోలకు కాకుండా, వారం వారం వారు కుట్టిన ముక్కను ఫోటో తీసి పంపితే మీరు దిద్ది చెప్పే పనికి వసూలు చేయండి. వీడియో పదిమందికీ చేరవచ్చు గాని, ఆ పదిమందిలో దారం ఎవరికి ఎక్కడ వదులవుతోందో చూసి చెప్పేది మీరొక్కరే.