టీవీ రంగు మారిందా? ముందు ‘కలర్’ను సున్నాకు తెచ్చి చూడండి

ఈసారి అన్నీ పాత టీవీల రంగుల సందేహాలే. జవాబుల కంటే ముందు అందరూ చేయాల్సిన పరీక్ష ఒకటుంది. పిక్చర్ మెనూ తెరిచి ‘కలర్’ అంకెను సున్నాకు తగ్గించండి. బొమ్మ బ్లాక్ అండ్ వైట్‌లోకి మారుతుంది. అందులో తెలుపు తెల్లగా, బూడిద బూడిదగా ఉంటే లోపం రంగు సిగ్నల్‌ను విడదీసే క్రోమా సెక్షన్‌లోనో, బయటి నుంచి వచ్చే సిగ్నల్‌లోనో ఉన్నట్టు. అలా కాక బ్లాక్ అండ్ వైట్ బొమ్మ మీదే ఏదో ఒక రంగు ఛాయ కనబడుతుంటే క్రోమా జోలికి వెళ్లనక్కర్లేదు. పిక్చర్ ట్యూబ్‌లోనో, దాన్ని నడిపే సర్క్యూట్‌లోనో, ఎల్ఈడీ టీవీ అయితే తెర వెనక వెలిగే బ్యాక్‌లైట్‌లోనో వెతకాలి. అర నిమిషం పట్టే ఈ పని చేశాకే మెకానిక్‌ను పిలవండి.

ఇల్లు సర్దుతూ 21 అంగుళాల పిక్చర్ ట్యూబ్ టీవీని వేరే గదిలోకి మార్చాం. పక్కనే హోమ్ థియేటర్ స్పీకర్లు పెట్టాం. అప్పటి నుంచి కుడివైపు పైమూల ఆకుపచ్చగా, దాని కింద ఊదాగా మరక కనిపిస్తోంది. ట్యూబ్ పోయినట్టేనా? (కర్నూలు)

పోలేదండి, కంగారు పడకండి. తెర అద్దానికి కాస్త వెనక సన్నని రంధ్రాలున్న ఇనుప రేకు ఉంటుంది. దాన్ని షాడో మాస్క్ అంటారు. ట్యూబ్ వెనక ఎరుపు, ఆకుపచ్చ, నీలాలకు ఒక్కోటి చొప్పున ఉండే ఎలక్ట్రాన్ గన్నుల కిరణాలు ఆ రంధ్రాల్లోంచి ఒక్కోటి ఒక్కో కోణంలో దూరి తమ తమ రంగు చుక్కల మీద పడాలి. స్పీకర్ వెనక ఉండే అయస్కాంతం దగ్గరికొస్తే కిరణాలు వంగుతాయి, రేకు కూడా అయస్కాంతంగా మారుతుంది. ఎరుపు చుక్క మీద పడాల్సిన కిరణం పక్కనున్న ఆకుపచ్చ చుక్క మీద పడుతుంది. స్పీకర్ తీసేశాక కూడా మరక మిగిలిపోవడానికి కారణం ఆ రేకులో నిలిచిపోయిన అయస్కాంతత్వమే.

ముందుగా స్పీకర్లను కనీసం ఒక మీటరు దూరం జరపండి. టీవీ కిందో పక్కనో స్టెబిలైజర్ ఉంటే దాన్నీ జరపండి. దాని ట్రాన్స్‌ఫార్మర్ వల్ల బొమ్మ అంచులు అలలు అలలుగా ఊగుతాయి. తర్వాత టీవీని రిమోట్‌తో కాకుండా మెయిన్ స్విచ్ దగ్గరే ఆపి, అర గంట ఆగి వేయండి. వేసిన క్షణంలో ‘దుమ్’మని చిన్న చప్పుడు వస్తే రేకులోని అయస్కాంతత్వాన్ని పోగొట్టే లోపలి డీగాసింగ్ కాయిల్ పనిచేసినట్టే. మరక కొంత తగ్గుతుంది. మళ్లీ అర గంట ఆపి వేయండి. ఇలా మూడు నాలుగు సార్లు చేస్తే మామూలు మరకలు పోతాయి. వెంటవెంటనే ఆపి వేస్తే ఉపయోగం లేదు. ఎందుకో చెబుతాను.

ఈ కాయిల్‌కు వరుసలో పీటీసీ అనే థర్మిస్టర్ ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు దాని నిరోధం 20 ఓమ్‌లకు అటూ ఇటూగా ఉంటుంది. టీవీ వేయగానే కాయిల్‌లోకి పెద్ద కరెంటు పోతుంది. ఆ కరెంటుకే పీటీసీ వేడెక్కి నిరోధం ఎన్నో రెట్లు పెరిగి, కరెంటు ఒకట్రెండు సెకన్లలో దాదాపు సున్నాకు పడిపోతుంది. అలా సెకనుకు 100 సార్లు దిశ మారుతూ క్రమంగా సన్నగిల్లే అయస్కాంత క్షేత్రమే రేకును శుభ్రం చేస్తుంది. పీటీసీ పూర్తిగా చల్లారకపోతే ఈ పని జరగదు.

అర గంట ఆపి వేసినా చప్పుడు రాకపోతే, మరకలో మార్పు లేకపోతే పీటీసీని అనుమానించాలి. ప్లగ్ పీకి, బోర్డు మీది పీటీసీని విప్పి చెవి దగ్గర ఊపి చూస్తే, లోపలి బిళ్ల పగిలినదైతే గలగలమంటుంది. కాళ్ల దగ్గర సోల్డర్ చిట్లడం, రిపేరు చేసినవాళ్లు కాయిల్ కనెక్టర్‌ను తిరిగి పెట్టడం మర్చిపోవడం కూడా ఉంటాయి. టీవీ వేయగానే ఫ్యూజు కొడుతుంటే ఆ కనెక్టర్ తీసి చూడండి. అప్పుడు ఫ్యూజు నిలిస్తే పీటీసీయో, కాయిలో షార్ట్ అయినట్టు. రెండు కాళ్ల పీటీసీ బదులు మూడు కాళ్లది వేయకూడదు. ఉన్న రకాన్నే, అదే విలువతో వేయించండి. చవకైన భాగమే.

మరక మొండిదైతే మెకానిక్ దగ్గరుండే చేతి డీగాసింగ్ కాయిల్ కావాలి. టీవీ నడుస్తుండగా కాయిల్‌ను తెర మధ్య దగ్గర పెట్టి, సున్నాలు చుడుతూ అంచుల వరకూ తిప్పి, అలా తిప్పుతూనే మెల్లగా రెండు మీటర్లు వెనక్కి నడిచి, కాయిల్‌ను తెరకు అడ్డంగా తిప్పాకే స్విచ్ వదలాలి. తెర దగ్గరే వదిలేస్తే మరక రెట్టింపవుతుంది. మామూలు అయస్కాంతంతో రుద్దే ప్రయోగం మాత్రం వద్దు. ట్యూబ్ మెడ మీది రింగులను ఎవరినీ తిప్పనివ్వకండి. ఒకసారి కదిపితే మూడు రంగులనూ మళ్లీ కలపడం గంటల పని. మార్చేటప్పుడు టీవీ కింద పడి ఉంటే షాడో మాస్క్ స్థానం తప్పి ఉండొచ్చు. దానికి మరమ్మతు లేదు.

పాత డీవీడీ ప్లేయర్‌ను, అమెరికా నుంచి తెచ్చిన వీడియో గేమ్ పెట్టెను ఇంట్లోని పాత టీవీకి కలిపితే బొమ్మ బ్లాక్ అండ్ వైట్‌లో వస్తోంది. సెట్‌టాప్ బాక్స్‌లో రంగులు బాగానే ఉన్నాయి. (విజయవాడ)

సెట్‌టాప్ బాక్స్‌లో రంగు వస్తోందంటే టీవీ బాగానే ఉంది. తేడా కలర్ సిస్టమ్‌లో. మన దేశంలో 1982లో కలర్ ప్రసారాలు మొదలైనప్పటి నుంచి వాడుతున్నది పాల్ పద్ధతి. అందులో 625 గీతలు, 50 హెర్ట్జ్, రంగును మోసే తరంగం 4.43 మెగాహెర్ట్జ్. అమెరికాది ఎన్‌టీఎస్‌సీ. అక్కడ 525 గీతలు, 60 హెర్ట్జ్, రంగు 3.58 మెగాహెర్ట్జ్. పాల్ మాత్రమే తెలిసిన టీవీకి రెండో రకం సిగ్నల్ ఇస్తే నలుపు తెలుపులు గుర్తుపడుతుంది కానీ రంగును మూసేస్తుంది. కొన్నిట్లో బొమ్మ పైకీ కిందికీ దొర్లుతుంది కూడా.

డీవీడీ ప్లేయర్‌లో డిస్క్ తీసేసి సెటప్‌లో ‘టీవీ టైప్’ లేదా ‘టీవీ సిస్టమ్’ను పాల్‌కు మార్చండి. డిస్క్ లోపలుంటే చాలా ప్లేయర్లు ఈ మార్పును ఒప్పుకోవు. టీవీ మెనూలో ‘కలర్ సిస్టమ్’ ఉంటే దాన్ని ఆటోలో పెట్టండి. ఆటో తడబడితే, ఆ గేమ్ పెట్టె వరకూ ఎన్‌టీఎస్‌సీని చేత్తో ఎంచుకోండి. టీవీలో ఆ సౌకర్యమే లేకపోతే మధ్యలో సిస్టమ్ కన్వర్టర్ పెట్టాలి. ‘టింట్’ మీట ఎంత నొక్కినా కదలదని కొందరు అడుగుతుంటారు. పాల్‌లో రంగు తప్పు ఒక గీతలో ఒకవైపు, తర్వాతి గీతలో రెండోవైపు పడి సర్దుకుంటుంది కాబట్టి ఆ మీట అవసరం లేదు. అది ఎన్‌టీఎస్‌సీ బొమ్మకే పనిచేస్తుంది.

పసుపు పిన్‌ను టీవీ వెనక ఆకుపచ్చ సాకెట్‌లో గుచ్చినా రంగు పోతుంది. అది కాంపోనెంట్ వీడియోలో వెలుగు మాత్రమే తీసుకునే దారి. కొన్ని ఎల్‌సీడీ టీవీల్లో ఆ సాకెట్ కాంపోనెంట్‌కూ, మామూలు ఏవీకీ ఉమ్మడిగా ఉంటుంది. అప్పుడు సోర్స్ జాబితాలో ‘కాంపోనెంట్’ బదులు ‘ఏవీ’ ఎంచుకోవాలి.

మా టీవీలో అందరి మొహాలూ పచ్చగా కనబడుతున్నాయి. పక్కన తడితే ఒక్కోసారి సర్దుకుంటుంది. ఒక మెకానిక్ ట్యూబ్ మార్చాలన్నారు. (ఖమ్మం)

మన మాటల్లో పసుపునూ పచ్చ అంటాం, ఆకునూ పచ్చ అంటాం. టీవీలో మాత్రం ఆ రెండూ వేర్వేరు జబ్బులు. పసుపుగా ఉంటే నీలం రావడం లేదని అర్థం. నీలం కలిసిన ఆకుపచ్చగా ఉంటే ఎరుపు పోయింది. ఊదా గులాబీ రంగైతే ఆకుపచ్చ పోయింది. తెరంతా ఒకే రంగులో వెలిగిపోతూ, మీదుగా సన్నని ఏటవాలు తెల్లగీతలు కనిపిస్తే రంగు పోవడం కాదు, ఆ గన్ను అదుపు తప్పింది. మెకానిక్‌కు ఫోన్ చేసేటప్పుడు ఈ ముక్క స్పష్టంగా చెప్పండి.

తడితే సర్దుకుంటోందంటే ట్యూబ్ మెడ చివరనుండే బేస్ బోర్డు మీద సోల్డర్ చిట్లి ఉంటుంది. సాకెట్ కాళ్లు, వేడెక్కే పెద్ద రెసిస్టర్ల కాళ్లు, మెయిన్ బోర్డు నుంచి వచ్చే వైర్ల కనెక్టర్‌ను భూతద్దంతో చూసి, పాత సోల్డర్ తీసి కొత్తది పెట్టించండి. ట్యూబ్ మాట ఆ తర్వాతే.

అప్పటికీ కుదరకపోతే కొలవాలి. ఈ పని చేయి తిరిగినవాళ్లకే. టీవీ లోపల ఛాసిస్ చాలా సెట్లలో నేరుగా మెయిన్స్‌తో కలిసి ఉంటుంది కాబట్టి టీవీని మెయిన్స్ నుంచి విడదీసే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. మెయిన్ కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా ఉంటుంది. 21 అంగుళాల ట్యూబ్ ఆనోడ్ మీద 25,000 వోల్టుల దాకా ఉంటుంది, ఆపేశాక కూడా కొంత నిలుస్తుంది. ట్యూబ్ మెడ గాజు చాలా సున్నితం.

బేస్ బోర్డుకు 180 నుంచి 200 వోల్టులు అందుతున్నాయో లేదో మొదట చూడాలి. తర్వాత మూడు కేథోడ్‌ల మీద, అంటే గన్నుల్లో ఎలక్ట్రాన్లు వదిలే భాగాల మీద, వోల్టేజీ కొలిచి పోల్చాలి. మామూలు బొమ్మ ఉన్నప్పుడు మూడూ 110 నుంచి 150 మధ్య, ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. ఇక్కడ లెక్క తిరగబడి ఉంటుంది. కేథోడ్ వోల్టేజీ పెరిగితే రంగు తగ్గుతుంది, పడిపోతే రంగు విజృంభిస్తుంది. నీలం కేథోడ్ మీద సప్లై అంతా, అంటే 180 కనబడితే, బీఎఫ్ 422 లాంటి ఆ రంగు ట్రాన్సిస్టర్ ఓపెన్ అయిందనో, దానికి సిగ్నల్ రావడం లేదనో అర్థం. బాగా తక్కువ ఉంటే ట్రాన్సిస్టర్ షార్ట్ అయింది, లేదా 10 నుంచి 15 కిలో ఓమ్‌ల, 2 వాట్ల కలెక్టర్ రెసిస్టర్ కాలి తెగింది. మూడింటికీ కలిపి టీడీఏ 6107 లాంటి ఒకే ఐసీ ఉంటే దాన్నే మార్చాలి. మూడు కేథోడ్‌లూ ఒక్కసారే పడిపోయి తెరంతా తెల్లగా మండుతుంటే 180 వోల్టుల లైన్ పోయింది. ఆ లైన్‌లోని ఫ్యూజబుల్ రెసిస్టర్, డయోడ్, 250 వోల్టుల కెపాసిటర్ చూడాలి.

ట్యూబ్‌ను తప్పుపట్టే ముందు ఇంకో పరీక్ష. బేస్ బోర్డుకు వచ్చే నీలం, ఆకుపచ్చ సిగ్నల్ వైర్లను ఒకదానికొకటి మార్చండి. ఇప్పుడు నీలం వచ్చి ఆకుపచ్చ పోతే లోపం మెయిన్ బోర్డులో. నీలమే రాకపోతే బేస్ బోర్డు లేదా ట్యూబ్. కేథోడ్ వోల్టేజీ సరిగ్గా ఉండీ ఆ రంగు రాకపోతే అప్పుడు ట్యూబ్ అనొచ్చు.

ఒక రంగు గీతలతో సహా వెలిగిపోతూ, మెడ మీద స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో సున్నితంగా తాకితే వచ్చి పోతుంటే, ట్యూబ్ లోపల కేథోడ్‌ను వేడిచేసే హీటరూ, కేథోడూ అంటుకున్నట్టు. దీనికి అనుభవమున్న మెకానిక్‌లు ట్యూబ్‌కు హై వోల్టేజీ ఇచ్చే ఎల్ఓటీ (లైన్ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్) ఫెర్రైట్ మీద మంచి ఇన్సులేషన్ ఉన్న వైరును కొన్ని చుట్లు చుట్టి హీటర్‌కు ఛాసిస్‌తో సంబంధం లేని సప్లై ఇస్తారు. ఆ కాస్త పనితో కొన్ని ట్యూబ్‌లు ఏళ్ల తరబడి నడుస్తాయి.

టీవీ వేశాక సౌండ్ వెంటనే వస్తుంది, బొమ్మ ఐదారు నిమిషాలకు ఎర్రగా వచ్చి మెల్లగా బాగవుతుంది. (సిద్దిపేట)

ట్యూబ్‌కు వయసైంది. కేథోడ్‌లు అరిగి, బాగా వేడెక్కితే గానీ ఎలక్ట్రాన్లు వదలడం లేదు. మూడూ ఒకేలా అరగవు కాబట్టి ముందు ఎరుపు వస్తోంది. మీ సెట్‌లో గన్నుల కరెంటును కొలిచి సరిచేసే ఆటోమేటిక్ సర్క్యూట్ ఉండొచ్చు. మూడూ సిద్ధమయ్యే వరకూ అది బొమ్మను ఆపేస్తుంది. ఎల్ఓటీ మీది ‘స్క్రీన్’ ప్రీసెట్‌ను కొద్దిగా పెంచితే బొమ్మ త్వరగా వస్తుంది. గీతలు కనబడేంత పెంచితే మాత్రం ట్యూబ్ ఇంకా త్వరగా పోతుంది. కాంట్రాస్ట్ తగ్గించి చూడండి. ట్యూబ్ బూస్ట్ చేస్తామనేవాళ్లకు పెద్ద మొత్తం ఇవ్వకండి, ఆ ఫలితం ఎక్కువ కాలం నిలవదు.

ఏడేళ్ల ఎల్ఈడీ టీవీ మొత్తం నీలం, ఊదా రంగులోకి మారింది. సెట్టింగ్స్ అన్నీ రీసెట్ చేశాను. (బెంగళూరు)

కలర్ సున్నా చేసినా, మెనూ అక్షరాలు కూడా నీలంగానే కనబడుతుంటే అది బ్యాక్‌లైట్. తెల్లని ఎల్ఈడీ అంటే నిజానికి నీలం ఎల్ఈడీ మీద పసుపు ఫాస్ఫర్ పూత. ఏళ్ల వేడికి ఆ పూత చెడితే లోపలి నీలం బయటపడుతుంది. కలర్ టెంపరేచర్‌ను ‘వార్మ్’లో పెట్టి, వైట్ బ్యాలెన్స్‌లో బ్లూ గెయిన్ తగ్గిస్తే కొన్నాళ్లు చూడగలరు. అసలు మందు ఎల్ఈడీ స్ట్రిప్‌ల మార్పు. స్ట్రిప్‌లన్నీ ఒకేసారి మార్పించండి. చెడినవి మాత్రమే మారిస్తే తెర సగం తెలుపు, సగం నీలం అవుతుంది. కొత్త స్ట్రిప్‌లో ఎల్ఈడీల సంఖ్య, ఒక్కో ఎల్ఈడీ వోల్టేజీ (3 లేదా 6) పాతదానితో సరిపోవాలి. ప్యానెల్ ఎత్తేటప్పుడు అంచుల సన్నని రిబ్బన్లు చిరిగితే టీవీ మొత్తం పోతుంది కాబట్టి ఈ పని ఇంట్లో చేయకండి. మార్చాక బ్యాక్‌లైట్‌ను 100లో ఉంచకుండా 60, 70 మధ్య పెట్టుకోండి.

బోర్డు పోయిందని యూనివర్సల్ బోర్డు వేయించాను. మొహాలు ఫొటో నెగెటివ్‌లా కనిపిస్తున్నాయి. (నెల్లూరు)

బోర్డు మంచిదే, ప్యానెల్‌తో మాట కలవలేదు. బోర్డు నుంచి ప్యానెల్‌కు బొమ్మను చేరవేసే ఎల్‌వీడీఎస్ సిగ్నల్‌లో బిట్‌ల అమరిక రెండు రకాలు, జెయిడా, వెసా. ఫ్యాక్టరీ మెనూలో ప్యానెల్ సెట్టింగ్ కింద ‘ఎల్‌వీడీఎస్ మ్యాప్’ను ఒకదాన్నుంచి రెండోదానికి మార్చమనండి. అక్కడ ఆ ఆప్షన్ లేకపోతే మీ ప్యానెల్ నంబరుకు సరిపోయే సాఫ్ట్‌వేర్‌ను యూఎస్‌బీతో ఎక్కించాలి. ప్యానెల్ నంబరు టీవీ వెనక స్టిక్కర్ మీద కాదు, మూత తీశాక ప్యానెల్ లోహపు వీపు మీద ఉంటుంది.