కప్పు మ్యాచ్‌కు గ్రౌండు నింపడం: మేనకోడలికి మామయ్య ఉత్తరం

అమ్మడూ,

ఇంగ్లండు ఫుట్‌బాల్‌లో ఓడితే ఇంటికే అనే పోటీ ఎఫ్‌ఏ కప్; దాని రెండో రౌండులో మీ క్లబ్బుకు హోమ్ మ్యాచ్, అంటే సొంత గ్రౌండులో ఆట, తగిలిందని, టికెట్ల పని నీకు అప్పజెప్పారని చదివి చాలా సంతోషం వేసింది. గ్రౌండు కెపాసిటీ 6,000, సీజన్ టికెట్లవాళ్లు 1,800, లీగ్ మ్యాచ్‌కు మామూలుగా వచ్చేది 2,700 అని రాశావు. "కప్పు ఆట కదా, జనం వాళ్లే వస్తారు" అని మీ కమిటీవాళ్లు అంటున్నారట. రారమ్మా. ఊరికే వదిలేస్తే లీగ్ ఆటకన్నా తక్కువమందే వస్తారు.

ఎందుకు రారో ముందు చూడు. సీజన్ టికెట్ డబ్బు వేసవిలోనే కట్టేశారు. అందులో ఉన్నవి 23 లీగ్ హోమ్ మ్యాచ్‌లు, కప్పు అందులో లేదు. ఆగస్టు నుంచి జేబు తడుముకోకుండా వస్తున్న మనిషి ఈ ఒక్క శనివారానికి మళ్లీ డబ్బు తియ్యాలి. పైగా డిసెంబరు మొదలు. క్రిస్మస్ ఖర్చులు, నాలుగు గంటలకే చీకటి, ఎముకలు కొరికే చలి, ఎదుటిదేమో మీలాంటి జట్టే. అంటే మొదట జారిపోయేది కొత్తవాళ్లు కాదు, మీ సొంతవాళ్లే. ప్రచారం ఊరిమీద మొదలుపెట్టకు, ఆ 1,800 మందితో మొదలుపెట్టు.

ఇప్పుడు నీ చేతిలో నిజంగా ఎన్ని సీట్లున్నాయో తేల్చుకో. ఎదుటి క్లబ్బు అడిగితే కెపాసిటీలో 15 శాతం దాకా, అంటే 900 టికెట్లు వాళ్లకివ్వాలి. రెండు జట్ల అభిమానుల మధ్య వల కప్పి ఖాళీగా ఉంచే వరసలకు ఒక 200 తీసెయ్. నువ్వు అమ్మాల్సింది 4,900. వాళ్లు ఎన్ని తీసుకుంటారో, మిగిలినవి ఏ రోజుకు తిప్పి పంపుతారో మొదటి రోజే రాతపూర్వకంగా తీసుకో. 400 చాలన్నారనుకో, మిగతా 500 సీట్లు దానంతటవే నీకు రావు. వల గీత జరగాలి, దానికి సేఫ్టీ ఆఫీసరు, పోలీసులు ఒప్పుకోవాలి. ఆటకు రెండు రోజుల ముందు అడిగితే ఒప్పుకోరు, ఆ 500 సీట్లు చీకట్లో ఖాళీగా మిగిలిపోతాయి.

ధర సంగతి. ఇది మీరొక్కరే తేల్చేది కాదు, ఎదుటి క్లబ్బుతో మాట్లాడి ఒప్పుకోవాలి. గేటు వసూళ్లలో ఖర్చులు పోగా 45 శాతం మీకు, 45 శాతం వాళ్లకు, 10 శాతం కప్పు ఉమ్మడి నిధికి. ఈ ఒక్క లెక్క మీ కమిటీవాళ్ల ముందు పెట్టు చాలు. 20 పౌండ్ల చొప్పున 1,800 మంది వస్తే 36,000 పౌండ్లు. 12 పౌండ్లకే 3,000 మంది వచ్చినా అదే 36,000. కానీ రెండో లెక్కలో ఇంకో 1,200 మంది మీ గ్రౌండులో ఉన్నారు. వాళ్లు తాగే టీ, తినే బర్గరు, బారు దగ్గర పెట్టే ఖర్చు, ఆ గల్లాపెట్టె మీ ఒక్కరిదే. టికెట్ మీద ఇంకో పౌండు పెంచితే మీకు మిగిలేది 45 పెన్స్ కూడా కాదు, ఖర్చులు పోవాలి కదా. దానికోసం ఒక మనిషిని పోగొట్టుకోవడం ఏం తెలివి? ఎదుటి క్లబ్బుకూ ఈ లెక్కే చూపించు. ధరలు గుండ్రంగా పెట్టు: పెద్దలకు 12, ముసలివాళ్లకూ విద్యార్థులకూ 8, పదహారేళ్ల లోపు పిల్లలకు 2. గేటు దగ్గర చిల్లర వెతుక్కునే ధర పెట్టకు, క్యూ అక్కడే ఆగిపోతుంది.

ఇక నీ చేతిలో ఉన్న అసలైన బలం మూడో రౌండు. రెండో రౌండులో గెలిచిన 20 క్లబ్బులు, పై రెండు లీగులైన ప్రీమియర్ లీగ్, చాంపియన్‌షిప్ క్లబ్బులు 44, మొత్తం 64 పేర్లు డ్రాలో, అంటే ఎవరితో ఎవరు ఆడాలో చీటీలు తీసే చోట, ఉంటాయి. టాటెన్‌హామ్ రావచ్చు, లివర్‌పూల్ రావచ్చు. అప్పుడు ఊరంతా టికెట్ కావాలంటుంది. కాబట్టి ఇవాళే, డ్రా జరగక ముందే, ఈ వరస ప్రకటించు: సీజన్ టికెట్ ఉండి ఈ మ్యాచ్‌కు కూడా కొన్నవాళ్లు మొదటి రోజు, ఆ తర్వాత సీజన్ టికెట్ మాత్రమే ఉన్నవాళ్లు, ఆ తర్వాత ఈ మ్యాచ్‌కు కొన్న మిగతావాళ్లు, చివరికి ఊరందరూ. ఒకవేళ మూడో రౌండు ఎదుటివాళ్ల గ్రౌండులో పడినా మీకొచ్చే వాటా టికెట్లు ఇదే వరసలో అమ్ముతామని కూడా రాయి. డ్రా అయ్యాక ఈ వరసలో ఒక్క అక్షరం మార్చొద్దు, డైరెక్టర్ల చుట్టాలు ఫోన్ చేసినా సరే. నడుస్తున్నప్పుడు నియమం మారిస్తే జనం ఆ క్లబ్బును ఏళ్లు గడిచినా క్షమించరు.

ఇందులో చాలాచోట్ల జరిగే తప్పొకటుంది. ఒకాయన నాలుగు టికెట్లు కొంటాడు, నాలుగూ ఆయన పేరు మీదే పడతాయి. మూడో రౌండు వచ్చేసరికి ఆయన బావమరిది వచ్చి "నేనూ ఆ మ్యాచ్‌కు వచ్చాను కదా" అంటాడు, కంప్యూటర్లో అతని పేరే ఉండదు. అందుకే ప్రతి టికెట్‌కు వాడబోయే మనిషి కస్టమర్ నంబరు అడగమని అమ్మేవాళ్లకు చెప్పు. నంబరు లేకపోతే అక్కడికక్కడే తెరవాలి, రెండు నిమిషాల పని. గేటు దగ్గర డబ్బిచ్చి కొన్నవాళ్లను టికెట్ ముక్క దాచుకోమను.

మూడో రౌండు ఒక్కసారే వస్తుందని గుర్తుంచుకో. 2024-25 సీజన్ నుంచి మొదటి రౌండు మొదలుకొని రీప్లేలు, అంటే సమానమైతే ఇంకో రోజు మళ్లీ ఆడటం, ఎత్తేశారు. 2025 జనవరిలో టామ్‌వర్త్ అనే చిన్న క్లబ్బు తమ చిన్న గ్రౌండులో టాటెన్‌హామ్‌ను 90 నిమిషాలూ 0-0తో నిలబెట్టింది. పాత రోజులైతే లండన్‌లో రీప్లే, ఆ పెద్ద గేటు వసూళ్లలో వాటా. ఇప్పుడు అదే రోజు అదనపు సమయంలో 0-3తో ముగిసింది. అందుకని ఇంటి గ్రౌండులో పడే ప్రతి ఆటా నిండాలి.

సీజన్ టికెట్లవాళ్ల సీట్లు వాళ్లకోసం అట్టేపెట్టు, అయితే ఏడు రోజులే. మూడో రోజు ఒక మెసేజ్, ఆరో రోజు ఇంకొకటి, ఏడో రోజు సాయంత్రం ఐదింటికి వదిలెయ్. పాతవాళ్లు నొచ్చుకుంటారని రెండు వారాలు పట్టి ఉంచితే మంచి సీట్లు మధ్యలో గుంటల్లా మిగిలిపోతాయి, కొత్తగా వచ్చిన కుటుంబానికి నాలుగు సీట్లు పక్కపక్కన దొరకవు.

స్టాండ్లన్నీ ఒకేసారి తెరవకు. పెళ్లి భోజనాల్లో ఒక బంతి నిండాకే రెండో బంతి వేస్తారు కదా, అలాగే. ముందు టీవీ కెమెరాకు ఎదురుగా కనిపించే స్టాండు, దానితోపాటు నిలబడి పాటలు పాడే గోలు వెనక మెట్లు. అవి నిండుతుంటే మిగతావి. 3,000 మంది నాలుగు వైపులా చెదిరి కూర్చుంటే గ్రౌండు బోసిగా ఉంటుంది, పాట ఒక చోట మొదలై అక్కడే చచ్చిపోతుంది. రెండు వైపులా కిక్కిరిసి కూర్చుంటే ఆటగాళ్లకు గుండె నిండుతుంది. జనాన్ని చూసుకునే స్టీవార్డుల జీతాలూ తగ్గుతాయి.

సీట్ల మ్యాపు రోజూ రాత్రి కళ్లతో చూడు. అమ్ముడైనవి ఎర్రగా, ఖాళీవి పచ్చగా కనపడతాయి. ఎర్ర వరసల మధ్య ఒక్కొక్క పచ్చ చుక్క, అవే ఒంటి సీట్లు. జనం జంటలుగా, నలుగురేసిగా కొంటారు కాబట్టి వరసకు ఒకటి రెండు మిగులుతాయి. 40 వరసల్లో అవే 60, 70 అవుతాయి. ఒంటి సీటు మిగలనివ్వని సెట్టింగ్ టికెట్ సాఫ్ట్‌వేర్లో ఉంటే మొదటి రోజునుంచే వేసి ఉంచు, చివరి మూడు రోజులు తీసెయ్. అప్పుడు "ఒక్కరే వస్తున్నారా? మంచి సీట్లు మిగిలాయి" అని విడిగా ఒక మెసేజ్ పెట్టు.

పిల్లల విషయంలో ఉచిత టికెట్లు వద్దు. ఊరికే ఇస్తే అందరూ తీసుకుంటారు, వాన పడితే సగంమంది రారు, సీటు మాత్రం అమ్ముడైనట్టు లెక్కలో ఉండిపోతుంది. రెండు పౌండ్లు పెట్టినా చాలు, వస్తారు. బడులకన్నా ముందు ఊళ్లోని పిల్లల ఫుట్‌బాల్ జట్ల కోచ్‌లకు ఫోన్ చెయ్యి. ఒక్క జట్టులో 12 మంది పిల్లలుంటే తల్లో తండ్రో ఒకరైనా వెంట రావాలి, అంటే 24 టికెట్లు. జట్టు మొత్తం ఒకే బ్లాకులో పక్కపక్కన కూర్చునేలా ఇవ్వు. చక్రాల కుర్చీ స్థలాలు వేరే లెక్క, వాటిని ఆఖర్న మామూలు సీట్లుగా అమ్మెయ్యకు. వాళ్లకు తోడు వచ్చే మనిషి టికెట్ లీగ్ ఆటకు ఉచితమైతే కప్పు ఆటకూ ఉచితంగానే ఉంచు.

మీ యూనివర్సిటీ తెలుగు పిల్లల గ్రూపుల్లో కూడా చెప్పాలనుకుంటున్నానన్నావు. తప్పకుండా చెప్పు, కానీ రెండు మాటలు స్పష్టంగా చెప్పు. ఒకటి, రాలేకపోయినవాళ్లు "నా దగ్గర ఒక టికెట్ ఉంది, ఎవరికైనా కావాలా" అని వాట్సాప్‌లో పెట్టకూడదు. ఇంగ్లండులో క్లబ్బు అనుమతి లేకుండా ఫుట్‌బాల్ టికెట్ అమ్మడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం, కొన్న ధరకే అమ్మినా నేరమే. సినిమా టికెట్లు చేతులు మార్చుకోవడం అలవాటైన మన పిల్లలకు ఇది తట్టదు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకు పోలీసు కేసు ఎంత పనో నీకు తెలుసు. టికెట్ వెనక్కి తీసుకుని ఇంకొకరికి ఇచ్చే దారి క్లబ్బే చూపించాలి, ఆ లింకు మెసేజ్‌లోనే పెట్టు.

రెండోది మూడో రౌండులో పెద్ద జట్టు వస్తే. మన పిల్లల్లో మాంచెస్టర్ యునైటెడ్, ఆర్సెనల్ అభిమానులు బోలెడు. హోమ్ వైపు టికెట్ కొని, ఆ జట్టు చొక్కా వేసుకొచ్చి, గోలు పడగానే లేచి గంతేస్తే స్టీవార్డు బయటికి పంపిస్తాడు, డబ్బు తిరిగి రాదు. చుట్టూ ఉన్నవాళ్లు ఊరుకోరు కూడా. హోమ్ వైపు కూర్చుంటే ఆ రోజుకు మీ ఊరి జట్టే మన జట్టు. బీరు కూడా పిచ్ కనపడే చోట తాగకూడదు, స్టాండు కింది హాల్లోనే.

ఇప్పుడు టర్న్‌స్టైళ్లు, అంటే ఒక్కొక్కరినే లోపలికి వదిలే తిరుగుడు గేట్లు. దీన్ని టికెట్ల పని కాదని వదిలెయ్యకు. ఒక టర్న్‌స్టైల్లోంచి గంటకు 660 మందికి మించి లెక్క కట్టకూడదని అక్కడి సేఫ్టీ గైడు చెబుతుంది. అది పైహద్దు. ఒక వైపు 6 టర్న్‌స్టైళ్లుంటే అరగంటలో 1,980 మంది. 2,400 మంది ఆఖరి అరగంటలో వచ్చారనుకో, ఆట మొదలయ్యేసరికి 420 మంది బయటే ఉంటారు. లోపల చప్పుడు వినపడగానే వెనకవాళ్లు ముందుకు తోస్తారు. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డులో హిల్స్‌బరో దగ్గర జరిగింది ఎఫ్‌ఏ కప్ సెమీఫైనలే. లెప్పింగ్స్ లేన్ వైపు నిలబడి చూసే టికెట్లు 10,100, వాటికి 7 టర్న్‌స్టైళ్లు. బయట ఒత్తిడి భరించలేక బయటికి వెళ్లే గేటు తెరిచారు, లోపలికి దూరిన జనం అప్పటికే నిండిన మధ్య పెన్నుల్లోకి, అంటే కంచె వేసి విడదీసిన నిలబడే చోట్లలోకి, వెళ్లారు. 97 మంది చనిపోయారు. ఆ తర్వాతే ఈ లెక్కలు ఇంత గట్టిగా చూస్తున్నారు. ఒక టర్న్‌స్టైల్ పాడైతే ఆ వైపు కెపాసిటీయే తగ్గిపోతుంది, కాబట్టి వారం ముందే అన్నీ తిప్పి చూడమను.

గేటు దగ్గర నిజంగా ఏం జరుగుతుందో చూడు. చలికి వేళ్లు కొంకర్లు పోయి ఉంటాయి. గ్లౌజు తీసి, ఫోన్ తీసి, మెయిల్ తెరుస్తారు, సిగ్నల్ ఉండదు. నలుగురి టికెట్లూ ఒకరి ఫోన్లోనే ఉంటే పక్కకు జరుపుతూ ఒక్కోటి చూపించాలి. ఆ ఒక్క కుటుంబానికి నిమిషం. అందుకని టికెట్‌ను ఇంట్లోనే ఫోన్ వాలెట్‌లో వేసుకోమని శుక్రవారం మెసేజ్ పెట్టు. చార్జింగ్ అయిపోయినవాళ్లకు, పెద్దవాళ్లకు ప్రింటు తీసి ఇచ్చే బల్ల ఒకటి గేటుకు 30 అడుగుల ఇవతలే పెట్టు, గేటును ఆనుకుని వద్దు. గేటు దగ్గర కొత్తగా కొనేవాళ్ల క్యూ వేరేగా ఉండాలి. రెండు గంటలకే వచ్చినవాళ్లకు టీ సగం ధర అని పెడితే ఒక ఐదారు వందల మంది ముందే లోపలికి వచ్చేస్తారు.

సమానమైతే అదనపు సమయం, పెనాల్టీలు అదే రోజు. మూడింటి ఆట 5:45 దాకా పోవచ్చు. బస్సు కంపెనీకి, పార్కింగ్‌వాళ్లకు, పిల్లల్ని తెచ్చే కోచ్‌లకు ఆ సమయమే చెప్పు, 4:50 అని కాదు. ఆట టీవీకి ఎంపికైతే వేళ మారుతుంది, అది తేలేదాకా పోస్టర్లు అచ్చు వేయించకు.

మంచు గడ్డకట్టి రిఫరీ ఆట ఆపేస్తే ఏం చెయ్యాలో ఇప్పుడే రాసి పెట్టుకో: టికెట్ కొత్త తేదీకి చెల్లుతుంది, రాలేనివాళ్లకు ఫలానా రోజు లోపు డబ్బు వాపసు. ఆ మాట ఆట వాయిదా అని చెప్పిన పది నిమిషాల్లో వెళ్లాలి, దూరంనుంచి బయల్దేరినవాళ్లు దారిలోనే ఉంటారు. పిచ్ ఎన్నింటికి చూస్తారో ఉదయమే అందరికీ చెప్పు.

ఆట అయ్యాక సోమవారం పొద్దున్నే ఒక లిస్టు తియ్యి: టికెట్ కొని స్కాన్ కానివాళ్లు, మొదటిసారి వచ్చినవాళ్లు. మొదటిసారి వచ్చినవాళ్లకు తర్వాతి లీగ్ హోమ్ మ్యాచ్‌కు అదే 12 పౌండ్ల ధర మంగళవారంలోపు పంపు. సీట్ల మ్యాపు నాకు ఫోటో తీసి పెట్టు, ఏ బ్లాకు ఎప్పుడు తెరవాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మామయ్య